క్రికెట్ వల్ల కలిసిన స్నేహితుడు పోతే ఏం చేయాలి, ఎలా గుర్తుపెట్టుకోవాలి

ఉప్పల్ స్టేడియంలో పక్క సీట్లో కూర్చున్న మనిషితో మాట కలుస్తుంది, నంబర్లు మార్చుకుంటాం, ఎవరో వాట్సాప్ గ్రూపు పెడతారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రతి మ్యాచ్‌కీ బంతి బంతికీ మాట్లాడుకుంటూనే ఉంటాం. అయినా అతని ఇంటిపేరేంటో, పిల్లలు ఎంతమందో, ఏ ఆఫీసులో పనిచేస్తాడో అడగాలని అనిపించదు. అలాంటి మనిషి ఒకరోజు పోయాడని తెలిస్తే చాలామందికి ఏం చేయాలో తోచదు. బంధువులం కాదు, చిన్ననాటి స్నేహితులం కాదు, ఇంటికి వెళ్తే "మీరెవరు" అంటారేమో అని ఆగిపోతాం. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటాం.

ఊరుకోకండి. ఇంట్లోవాళ్లకి తెలిసిన మనిషి వేరు, మీకు తెలిసిన మనిషి వేరు. ఆఖరి ఓవర్లో ఆయన టెన్షన్ ఎలా ఉండేదో, ఓడిపోయిన రాత్రి ఎవరెవరికి ఫోన్ చేసి ధైర్యం చెప్పేవాడో మీ గ్రూపుకే తెలుసు. ఆ సగం మీరు దాచకపోతే ఇంకెవరూ దాచలేరు. మన సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమానుల్లో, దానికి ముందున్న డెక్కన్ ఛార్జర్స్ కాలం నుంచి ఉన్నవాళ్లు చాలామంది ఇప్పుడు యాభైలు, అరవైల్లో ఉన్నారు కాబట్టి వాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీది వేరే జట్టయినా, వేరే ఆటయినా పద్ధతి పెద్దగా మారదు.

ముందు వార్త నిజమో కాదో తెలుసుకోండి

గ్రూపులో ఎవరో "విన్నాను" అని పెట్టిన మెసేజ్‌ని నమ్మి ఇంకో నాలుగు గ్రూపులకి పంపకండి. బతికున్న మనిషికి సంతాపాలు వెళ్లడం ఎంత ఘోరమో చెప్పక్కర్లేదు. ఆయన్ని బయట కలిసినవాళ్లు, కలిసి మ్యాచ్‌కి వెళ్లినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లతో ఫోన్‌లో మాట్లాడండి. ఆయన నంబరుకే ఫోన్ చేయాల్సి వస్తే ఎత్తేది భార్యో, కొడుకో, తమ్ముడో అయి ఉంటారని గుర్తుపెట్టుకుని, ముందు మీరెవరో చెప్పి, రెండు మాటల్లో ముగించండి. ఒక్కరే చేయాలి. గ్రూపులో ఉన్న ఎనభై మందీ అదే నంబరుకి ఫోన్ చేస్తే ఆ ఇంట్లో పరిస్థితి ఏమవుతుందో ఊహించండి.

గ్రూపులో ఎలా చెప్పాలి

అడ్మిన్ గానీ, బాగా దగ్గరివాళ్లు గానీ ఒకే మెసేజ్ పెట్టండి. పూర్తి పేరు, గ్రూపులో అందరూ పిలిచే పేరు, ఎప్పుడు పోయారు, అంత్యక్రియలు ఎక్కడ, ఎన్నింటికి, ఇంటివాళ్లతో మాట్లాడే మనిషి ఎవరు, ఇంతే. గ్రూపు పేరు తప్ప అసలు పేరు తెలియనివాళ్లు సగం మంది ఉంటారు కాబట్టి రెండు పేర్లూ రాయడం అవసరం. ఆయన ఫొటో ఒకటి పెడితే "ఏ అన్న? ఏ అన్న?" అని అడిగేవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ఎలా పోయారన్నది ఇంటివాళ్లు చెప్పమంటేనే చెప్పాలి. ఎవరైనా తరచి తరచి అడుగుతుంటే అడ్మిన్ గట్టిగానే ఆపాలి. ప్రమాదం ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు, చివరి చూపు ఫొటోలు గ్రూపులోకి రానివ్వకండి, వస్తే వెంటనే తీసేయండి. ఆత్మహత్య అని తెలిస్తే ఇంకా జాగ్రత్త కావాలి, అప్పుల గురించీ బెట్టింగ్ గురించీ ఊహాగానాలు అసలొద్దు. గ్రూపులో ఎవరైనా ఈ వార్తకి బాగా కుంగిపోయినట్టు అనిపిస్తే విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఆ నంబరు గ్రూపులో పెట్టడంలో తప్పేం లేదు.

ఇంకో మాట. ఆ రోజు మ్యాచ్ ఉన్నా సరే, మీమ్స్, ఎదుటి జట్టు అభిమానులతో గొడవలు కనీసం ఒక రోజు ఆపండి. ఎప్పుడూ మనతో వాదించే చెన్నై అభిమానో, బెంగళూరు అభిమానో వచ్చి సంతాపం చెబితే మర్యాదగా తీసుకోండి. వాళ్లూ ఆయనతో ఏళ్ల తరబడి వాదించినవాళ్లే, వాళ్లకీ బాధ ఉంటుంది.

ఇంటికి వెళ్లడం

వెళ్లండి. నలుగురైదుగురు కలిసి వెళ్తే చాలు, గుంపుగా వద్దు. మన గ్రూపుల్లో అన్ని మతాలవాళ్లూ ఉంటారు కాబట్టి ఎప్పుడు వెళ్లాలో ముందే కనుక్కోండి. ముస్లిం స్నేహితుడైతే ఖననం చాలావరకు అదే రోజు జరిగిపోతుంది, జనాజా నమాజ్ ఏ మసీదులో, ఎన్నింటికో వెంటనే అడగాలి. క్రైస్తవులైతే సమాధి కార్యక్రమం, తర్వాత జ్ఞాపకార్థ కూడిక ఉంటాయి. హిందువులైతే అంత్యక్రియలకి అందుకోలేకపోయినా దశదిన కర్మకో, పెద్దకర్మకో వెళ్లొచ్చు, ఆ రోజు భోజనం పెడితే కూర్చుని తినే రండి.

జెర్సీలు వేసుకుని వెళ్లకండి. కొంతమందికి పార్థివదేహం మీద ఆరెంజ్ జెర్సీ కప్పాలని ఉంటుంది, ఆ ప్రేమ అర్థమవుతుంది కానీ అది ఇంటివాళ్లు నిర్ణయించాల్సింది. జెర్సీ ఒక సంచిలో పెట్టుకెళ్లి, ఇంటిపెద్దల్లో ఒకరిని పక్కకి పిలిచి అడగండి, సరే అంటే ఇవ్వండి, వద్దంటే మళ్లీ అడగకండి. పోయింది ఆడ స్నేహితురాలైతే ముందు గ్రూపులోని ఆడవాళ్లు వెళ్లడం మంచిది. ఆమెకి క్రికెట్ స్నేహితులు ఇంతమంది ఉన్నారని కొన్ని ఇళ్లలో తెలిసి ఉండదు, ఆమె ఇంట్లో చెప్పుకోని విషయాలు మన నోటి నుంచి బయటపడకూడదు.

అక్కడ ఏం మాట్లాడాలి? "ఆయనతో కలిసి మ్యాచ్‌లు చూసేవాళ్లం ఆంటీ" అని మొదలుపెట్టండి, చాలు. వాళ్లు అడిగితే చిన్న సంఘటన ఒకటి చెప్పండి. అడగకపోతే మౌనంగా కాసేపు కూర్చుని వచ్చేయండి.

డబ్బు సాయం అవసరమైతే ముందు ఇంటివాళ్లని అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. వీలైతే నేరుగా కుటుంబంలో ఒకరి ఖాతాకే వెళ్లేలా చూడండి. గ్రూపులో ఒకరి ఖాతాకి పోగు చేయాల్సి వస్తే లెక్క చూసే మనిషి ఇంకొకరు ఉండాలి, వచ్చినదీ ఇచ్చినదీ గ్రూపులో పెట్టాలి. పోయినవాళ్లు అమెరికాలో ఉంటే భౌతికకాయం ఇంటికి పంపడం పెద్ద పని, అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా నడిపే టీమ్ స్క్వేర్ ఇలాంటి వాటికి సాయం చేస్తుంది, అక్కడున్న స్నేహితుల్ని ముందు వాళ్లని అడగమనండి.

జ్ఞాపకాలు పోగు చేయడం

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, మొదటి నెలలోనే చేయాలి. ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ 2014లో మూతపడ్డాక అందులోని క్రికెట్ కమ్యూనిటీల్లో మనవాళ్లు రాత్రుళ్లు కూర్చుని రాసుకున్నదంతా చివరికి కళ్ల ముందు నుంచి పోయింది, దాచుకున్నవాళ్లకే మిగిలింది. వాట్సాప్ కూడా నమ్ముకోవాల్సినది కాదు, ఒక ఫోన్ పాడైతే చాలు.

ముందు గ్రూపులో డిస్అపియరింగ్ మెసేజెస్ (మెసేజ్‌లు కొన్నాళ్లకి వాటంతటవే పోయే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేయండి. తర్వాత గ్రూపు సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి కాపీ తీసుకోండి. ఫొటోలు, వీడియోలతో కలిపి తీస్తే చివరి 10,000 మెసేజ్‌ల దాకా, అవి లేకుండా తీస్తే 40,000 దాకా వస్తాయి. ఐపీఎల్ సీజన్‌లో మన గ్రూపులకి ఆ సంఖ్య ఎంతోసేపు ఆగదు కాబట్టి ఆలస్యం చేస్తే ఆయన రాసినవి ఆ లెక్కలోకి రాకుండా పోతాయి. రెండు విధాలుగానూ తీసి పెట్టుకోవడం మేలు. వాయిస్ మెసేజ్‌లని విడిగా దాచండి, ఇంటివాళ్లు అన్నిటికంటే ముందు అడిగేది గొంతునే.

ఇక వెతకడం. వాట్సాప్‌లో ఇప్పుడు తేదీతో వెతకొచ్చు, క్యాలెండర్ గుర్తు నొక్కి రోజు ఎంచుకోవాలి. పోయిన రోజు చుట్టూ ఉన్నవి కాకుండా పెద్ద మ్యాచ్‌ల తేదీలతో వెతకండి, మనిషి అక్కడ దొరుకుతాడు. 2016 మే 29న బెంగళూరులో ఫైనల్, మనం 208 కొట్టాం, గేల్, కోహ్లీ ఆడుతుంటే చేజారిపోయిందనుకున్నాం, 8 పరుగులతో గెలిచాం. ఆ రాత్రి ఆయన గ్రూపులో ఏం రాశాడు? గేల్ ఆడుతున్నప్పుడు "అయిపోయింది" అన్నాడా, "ఆగండి ఆగండి" అన్నాడా? 2018 ఫైనల్లో వాట్సన్ 117 కొట్టినప్పుడు, 2021 మే 1న వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తప్పించినప్పుడు, 2024 మార్చి 27న ఉప్పల్లో ముంబై మీద 277 కొట్టినప్పుడు, ఆ ఏడాది మే 26న చెన్నైలో జరిగిన ఫైనల్లో 113కే ఆలౌటయినప్పుడు? గెలిచిన రోజు అందరం ఒకేలా ఉంటాం. ఓడిన రోజు ఒక్కొక్కరు ఒక్కోలా ఉంటారు, ఆ మెసేజ్‌లు తప్పకుండా తీసి పెట్టండి. గ్రూపు పుట్టకముందు నుంచి తెలిసినవాళ్లుంటే 2009 మే 24 గురించి, జోహాన్నెస్‌బర్గ్‌లో ఛార్జర్స్ గెలిచిన ఆ రాత్రి ఆయన ఎక్కడ, ఎవరితో చూశాడో అడిగి రాసుకోండి. ఇంకా పాతవాళ్లయితే ఎల్బీ స్టేడియం ముచ్చట్లు కూడా వస్తాయి.

ఆ తర్వాత గ్రూపులో అందరినీ తలా ఒక జ్ఞాపకం పంపమనండి. "మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు" అని అందరూ రాస్తే అది ఎవరి గురించైనా రాయొచ్చు. అందుకే అడిగేటప్పుడే ప్రశ్నలు వేయండి. మొదటిసారి ఎక్కడ కలిశారు? ఏ స్టాండ్‌లో కూర్చునేవాడు? సెంటిమెంట్ ఏంటి, వికెట్ పడాలంటే ఎవరు లేచి బయటికి వెళ్లాలి అనేవాడు? అందరూ తిడుతున్నప్పుడు కూడా ఏ ఆటగాడిని వెనకేసుకొచ్చేవాడు? ఎవరితో గొడవపడి మళ్లీ ఎలా కలిశాడు? ఎవరికైనా టికెట్ ఇప్పించాడా, అర్ధరాత్రి బండి మీద ఇంటి దగ్గర దింపాడా? రాయడం రానివాళ్లని వాయిస్ మెసేజ్ పంపమనండి, ఒకరు కూర్చుని రాసిపెడతారు. ఆయన పడ్డ గొడవలు కూడా రాయనివ్వండి, తప్పుల్లేని మనిషిగా రాస్తే చదివినవాళ్లకి ఆయన కనపడడు.

లోకం గుర్తుపెట్టుకున్న అభిమానుల్ని చూడండి. 2019 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్‌తో మ్యాచ్ రోజు ఎడ్జ్‌బాస్టన్‌లో బూర ఊదిన 87 ఏళ్ల చారులతా పటేల్ గుర్తున్నారా? మ్యాచ్ అయ్యాక కోహ్లీ, రోహిత్ ఆవిడ దగ్గరికి వెళ్లారు. 2020 జనవరిలో ఆవిడ పోయినప్పుడు అందరికీ ముందు ఆ బూరే గుర్తొచ్చింది. శ్రీలంక పెర్సీ అభయశేఖర అంటే చేతిలో జెండా. 2023లో ఆసియా కప్ కోసం కొలంబో వెళ్లినప్పుడు రోహిత్ ఆయన ఇంటికే వెళ్లి పలకరించాడు, అక్టోబర్ 30న ఆయన పోయారు. మీ స్నేహితుడికీ అలాంటి వస్తువో, మాటో, అలవాటో ఒకటి ఉంటుంది. అదేంటో కనిపెట్టి రాసిపెట్టండి.

ఇంటివాళ్లకి ఇవ్వడం

సాధారణంగా దండ వేసే ఫొటో ఆధార్ కోసమో, పాస్‌పోర్ట్ కోసమో తీసినదై ఉంటుంది. మీ ఫోన్లలో స్టేడియంలో మొహానికి రంగు పూసుకుని అరుస్తున్న ఫొటోలు ఉంటాయి. అవన్నీ ఒకచోట చేర్చండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. బాగున్నది ఒకటి 12×18 సైజులో ఫ్రేమ్ కట్టించండి, మిగతావి పెన్‌డ్రైవ్‌లో వేయండి. పోగు చేసిన జ్ఞాపకాలు తెలుగులో టైపు చేయించి, స్పైరల్ బైండింగ్ చేయించినా చాలు, ఖర్చు పెద్దగా కాదు. ఎవరివైనా వ్యక్తిగత సంగతులు, అప్పులు, బూతులు ఉన్న మెసేజ్‌లు ముందే తీసేయండి, చాట్ మొత్తం ఎత్తి ఇంటివాళ్ల చేతికి ఇవ్వకండి.

ఇవ్వడానికి తొందరపడొద్దు. కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయిన తర్వాత ఫోన్ చేసి, రమ్మంటేనే వెళ్లండి. పిల్లలు చిన్నవాళ్లయినా ఇవ్వండి, పెద్దయ్యాక వాళ్లు చదువుకుంటారు.

నంబరు, ఖాతాలు

గ్రూపులోంచి ఆయన నంబరు ఎప్పుడు తీయాలి? నన్నడిగితే మీరు తీయకండి. కానీ ఒక సంగతి గ్రూపులో ముందే చెప్పిపెట్టండి. వాట్సాప్ వాడకుండా 120 రోజులు దాటితే ఖాతా పోతుంది, అప్పుడు గ్రూపులో ఆయన "లెఫ్ట్" అయినట్టు కనిపిస్తుంది. తెలియకుండా చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ప్రీపెయిడ్ నంబరైతే 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు, కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది, ఆయన పేరు మీద కొత్త మొహం కనిపిస్తుంది. ఇంటివాళ్లకి ఈ సంగతి చెప్పండి, బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి కాబట్టి పనులు అయ్యేదాకా రీచార్జ్ చేసుకోమనండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలని స్మారక ఖాతాగా మార్చమని అడగొచ్చు, మరణ ధ్రువీకరణ లాంటి ఆధారం అడుగుతారు. అది ఇంటివాళ్ల ఇష్టం. వాళ్లని అడగకుండా మీరు దరఖాస్తు పెట్టకండి, ఒకసారి మార్చాక అందులోకి లాగిన్ అవడం కుదరదు.

మ్యాచ్ రోజు

తర్వాతి హోమ్ మ్యాచ్‌కి స్టేడియం మెట్రో స్టేషన్ దగ్గర కలిసి, ఒక నిమిషం మౌనంగా నిలబడి లోపలికి వెళ్లండి. బ్యానర్ పట్టుకెళ్లాలనుకుంటే టికెట్‌తో ఇచ్చే నిషేధాల జాబితా ముందే చదవండి, గేటు దగ్గర పోలీసులు లాక్కుంటే ఆ రోజంతా మనసు పాడవుతుంది. చిన్న ఏ3 కాగితం మీద ఆయన పేరు రాసి చేత్తో పట్టుకుంటే సరిపోతుంది. ఆయన సీటు ఖాళీగా ఉంచాలని టికెట్ కొనేవాళ్లున్నారు. ఆ టికెట్ మీద ఆయన కూతురినో, తమ్ముడినో తీసుకెళ్లండి, వాళ్లు వస్తామంటే. ఆయన ఏం చూసి అంత పిచ్చిగా ఇష్టపడ్డాడో వాళ్లు ఒకసారి కళ్లారా చూస్తారు.

దూరంగా ఉన్నవాళ్ల సంగతి. 2014 నవంబర్‌లో ఫిలిప్ హ్యూస్ పోయినప్పుడు ప్రపంచమంతా జనం తమ బ్యాట్‌ని ఇంటి గుమ్మం బయట పెట్టి ఫొటో తీసుకున్నారు. ఖర్చు లేదు, కలవక్కర్లేదు, అందరూ ఒకే పని చేశారు. మీరూ అలాంటిదొకటి అనుకోండి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పోయిన అభిమాని వయసు ఎంతో ఆ నిమిషంలో స్టేడియం అంతా చప్పట్లు కొడతారు. మనకి స్కోరుంది. ఆయనకి 46 ఏళ్లయితే మన స్కోరు 46 దగ్గరికి రాగానే గ్రూపులో అందరూ ఆయన పేరు రాయండి. రాత్రి 7:30 మ్యాచ్ అంటే ఆ వేళకి లండన్‌లో మధ్యాహ్నం 3, డల్లాస్‌లో ఉదయం 9, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఏటా చేసే పని

కోల్‌కతాలో 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. వాళ్ల కోసం అక్కడ ఆ రోజున రక్తదాన శిబిరం పెడతారు. మనకి ఇది ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే ఐపీఎల్ వచ్చేది ఎండాకాలంలో, కాలేజీలకి సెలవులిచ్చి రక్తం నిల్వలు తగ్గేదీ అప్పుడే. రెడ్‌క్రాస్‌నో, హైదరాబాద్‌లో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీనో కొన్ని వారాల ముందే అడగండి. ఆరోగ్యంగా ఉండి 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వొచ్చు. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. మ్యాచ్ లేని రోజు పెట్టండి, రక్తం ఇచ్చి ఎండలో క్యూలో నిలబడటం మంచిది కాదు.

ఆయనది పల్లెటూరైతే సంక్రాంతికి స్మారక టోర్నమెంట్ ఉంది. మన ఊళ్లలో "కీ.శే." అని పేరు పెట్టి ఆడే టోర్నమెంట్లు కొత్తవేం కాదు. ఫ్లెక్సీ మీద ఫొటోకి ఇంటివాళ్ల అనుమతి తీసుకోండి. బహుమతి ఇచ్చిన నాయకుల ఫొటోలు పెద్దవైపోయి, ఎవరి పేరు మీద ఆడుతున్నారో ఆయన ఒక మూలకి పోవడం నేను చాలా చోట్ల చూశాను, ఎవరేమనుకున్నా అది జరగనివ్వకండి. ఆయన పేరు మీద ఇచ్చే షీల్డ్ కూడా ఆయనకి నచ్చినదానికే ఇవ్వండి, ఫీల్డింగ్ అంటే ప్రాణమైతే మంచి క్యాచ్‌కి, లెక్కలు రాసే మనిషైతే స్కోరర్‌కి.

ఓపిక లేకపోతే రోజు ఒకటి ఎంచుకోండి. వర్ధంతే కానక్కర్లేదు, ఆయనకి ఇష్టమైన ఇన్నింగ్స్ రోజైనా సరే. లక్ష్మణ్ 281 అంటే చెవి కోసుకునే మనిషైతే మార్చి 14న, 2001లో లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా ఔటవకుండా ఆడిన రోజున, ఆయన మెసేజ్‌లు కొన్ని గ్రూపులో పెట్టండి. ఎవరు పెట్టాలో పేరు రాసి ఉంచండి, "ఎవరో ఒకరు పెడతారులే" అనుకుంటే రెండో ఏడాది ఎవరూ పెట్టరు.

ఉన్నవాళ్ల వివరాలు

ఇది చివరిగా చెప్తున్నాను కానీ రేపే చేయొచ్చు. గ్రూపులో ఇష్టమున్నవాళ్లందరి అసలు పేరు, ఊరు, రక్తం గ్రూపు, ఇంట్లో ఒకరి నంబరు తీసుకోండి. ఆరోగ్యం బాగాలేక ఎవరైనా నాలుగైదు మ్యాచ్‌లు కనిపించకపోయినా ఎవరిని అడగాలో తెలుస్తుంది. జాబితా గ్రూపులో పెట్టకండి, ఇద్దరు అడ్మిన్ల దగ్గర ఉంటే చాలు, ప్రతి సీజన్ మొదలయ్యే ముందు నంబర్లు మారాయేమో ఒకసారి చూసుకోమనండి.